తలుపు వేసికొని కాసేపు



తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేవరకు మన ఆడవాళ్లకు “ఇది నాది” అని చెప్పుకోదగ్గ పావుగంట ఎక్కడుంది చెప్పండి? కొళాయి వచ్చే వేళకు బిందెలు సిద్ధంగా ఉండాలి. పాలు పొంగిపోకుండా చూడాలి. పిల్లల బడి, ఆయన ఆఫీసు, ఉద్యోగం చేసేవాళ్లయితే తమ బస్సు, అన్నీ ఒకేసారి నెత్తిమీదికి వస్తాయి. ఇటువంటి ఇంట్లో “రోజూ కాసేపు ఒంటరిగా, నిశ్శబ్దంగా దేవుని సన్నిధిలో కూర్చో అమ్మా” అని ఎవరైనా చెబితే, చెప్పేవాళ్లకేం, చేసేవాళ్లకు తెలుస్తుంది అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఈవేళ ఆ కాసేపటిని గురించే మీతో మాట్లాడదామని వచ్చాను. క్రైస్తవులు దీనిని ఏకాంత ప్రార్థన అంటారు, ధ్యాన సమయం అని కూడా అంటారు. వింటున్నవారిలో ఇతర మతాల సోదరీమణులు కూడా ఉంటారు. పూజగదిలో దీపం పెట్టి ఒక్క నిమిషం కళ్లు మూసుకునే వారికీ, నమాజు చాప పరచుకునే వారికీ ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. నాకు తెలిసిన దారి క్రైస్తవుల దారి గనుక దాన్నే చెబుతాను.

మన క్రైస్తవ కుటుంబాల్లో ప్రార్థనలకు కొదవేమీ లేదు. ఆదివారం ఆరాధన ఉంది, రాత్రి భోజనాలకు ముందు కుటుంబ ప్రార్థన ఉంది, వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో కూటం ఉంటుంది. శ్రమల దినాల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ మంచివే, అవసరమే. కాని వీటన్నిటిలోనూ మన చుట్టూ మనుషులు ఉంటారు. పాడుతూనో, వింటూనో, ఎవరిచేతనో నడిపింపబడుతూనో ఉంటాం. ఎవ్వరూ లేనప్పుడు, నోట్లో కీర్తన లేనప్పుడు, నేనూ నా దేవుడూ మాత్రమే ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? చాలామందికి ఆ అనుభవమే తక్కువ. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దమంటే మనకు కొంచెం భయం కూడాను. ఎందుకు భయమో తరువాత చెబుతాను.

ముందు స్థలం సంగతి చూద్దాం. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో యేసు ప్రభువు ప్రార్థన చేసేవారిని గదిలోనికి వెళ్లి తలుపు వేసికోమన్నాడు. వీధి మూలల్లో పదిమందీ చూసేలా నిలబడి చేయవద్దన్నాడు. మాటలు పెంచుకుంటూ పోవద్దని కూడా ఆ వెంటనే చెప్పాడు. ఇది చదివినప్పుడల్లా, నాకు వేరే గది ఎక్కడుంది స్వామీ అనుకునేదాన్ని. తరువాత తెలిసింది, ఆ చోట గ్రీకు మూలంలో ఉన్న మాటకు లోపలి గది, సరుకులు దాచుకునే గది అనే అర్థం ఉందట. అంటే మన భాషలో కొట్టుగది! బియ్యం డబ్బాలూ పప్పు డబ్బాలూ ఉండే చోటు. ఆ అర్థం తెలిసిన రోజున నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ప్రభువు మేడలున్నవాళ్లతో మాట్లాడడం లేదు, నాబోటివాళ్లతోనే మాట్లాడుతున్నాడు.

ఆ కొట్టుగది కూడా లేనివాళ్లున్నారు. ఒక్క గదిలో ఆరుగురు బతికే ఇళ్లు మన దేశంలో లక్షలున్నాయి. వాళ్లకోసం ఒక తల్లి కథ చెబుతాను. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊళ్లో సుసన్నా వెస్లీ అనే ఆవిడ ఉండేది. 1669లో పుట్టి 1742లో కన్నుమూసింది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీకి, కీర్తనకారుడైన చార్లెస్ వెస్లీకి తల్లి. పందొమ్మిదిమందిని కన్నది. వారిలో చాలామంది పసితనంలోనే పోయారు. భర్త పాదిరి, ఇంట్లో అప్పులు. 1709లో ఇల్లు కాలిపోయింది. అంతటి సంసారంలో ఆవిడ ప్రార్థన చేసుకోవాలనుకున్నప్పుడు, వంటకు ముందు కట్టుకునే గుడ్డను ఎత్తి తలమీద కప్పుకునేదట. అలా కప్పుకుందంటే అమ్మ దేవుడితో మాట్లాడుతోంది, కదిలించకూడదు అని పిల్లలందరికీ తెలుసునట. ఈ కథ తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు.

మనకు ఆ గుడ్డతో పని లేదు, కొంగు ఉంది! ప్రార్థనకు ముందు తలమీద ముసుగు వేసుకోవడం మన ఇళ్లలో అమ్మమ్మల కాలంనుంచీ ఉన్న అలవాటే. ఆ ముసుగే మన గది, అదే మన తలుపు అనుకోవచ్చు. కాకపోతే పిల్లలకు నేర్పాలి. “అమ్మ ముసుగు వేసుకుంటే పది నిమిషాలు పిలవకూడదు” అని ఒక నెల రోజులు ఓపికగా చెబితే ఎంత అల్లరి పిల్లలైనా నేర్చుకుంటారు. పెద్దవాళ్లకు నేర్పడమే కష్టం!

ఇక వేళ సంగతి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక చిన్న సంఘటన ఉంది. కపెర్నహూములో సీమోను అత్తగారికి జ్వరం. యేసు ఆమెను బాగుచేశాడు. ఆమె లేచి వాళ్లందరికీ ఉపచారం చేసింది. సాయంకాలమయ్యేసరికి ఊరు ఊరంతా ఆ ఇంటి గుమ్మం ముందు పోగయింది. రోగులు, బాధితులు, వాళ్లను మోసుకొచ్చినవాళ్లు. రాత్రి ఎంతవరకు సాగిందో ఊహించుకోండి. అంత అలసిపోయినవాడు మరునాడు ఇంకా చీకటుండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేస్తున్నాడు.

ఇంతవరకు అందరమూ విన్నదే. ఆ తరువాతి ముక్కను మనం అంతగా పట్టించుకోం. సీమోనూ మిగిలినవాళ్లూ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీకోసం చూస్తున్నారని చెప్పారు. ఆయన వెనక్కి రాలేదు. పక్క ఊళ్లకు వెళదాం, నేను వచ్చింది అందుకే అన్నాడు. చూశారా? ఎవరెవరు పిలుస్తున్నారో వాళ్లందరి వెనకా పరుగెత్తడం కాకుండా, తాను చేయవలసిన పని ఏదో ఆ చీకటి వేళలో తేల్చుకుని వచ్చాడు. ఏకాంత ప్రార్థనవల్ల మొదటి ప్రయోజనం ఇదే అని నాకు తోస్తుంది. రోజంతా వందమంది మనల్ని పిలుస్తారు. అందులో ఏ పిలుపు మనది, ఏది కాదు అన్నది తెల్లవారకముందే తేల్చుకోవాలి.

అయితే ఆయన తెల్లవారుజామున లేచాడు గనుక మనమూ నాలుగింటికే లేవాలని శాసనం లేదు. దానియేలు రోజుకు మూడు వేళల ప్రార్థన చేసేవాడు. పసిపిల్ల తల్లికి రాత్రి నిద్రే ఉండదు. ఆమెకు మధ్యాహ్నం బిడ్డ నిద్రపోయిన పావుగంటే తెల్లవారుజాము. రాత్రి డ్యూటీ చేసే నర్సుకు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్న వేళే తెల్లవారుజాము. వేళ ఏదైనా రోజూ అదే వేళ అయితే మంచిది. ఎందుకంటే శరీరానికి అలవాటు అవుతుంది. ఆ వేళకు మనసు తనంతట తానే వచ్చి కూర్చుంటుంది.

కూర్చున్నాక ఏం చేయాలి? నేను చేసే పద్ధతి చెబుతాను. ఇదే సరైనదని కాదు, ఇలా చేస్తే కుదిరింది, అంతే.

మొదట రెండు నిమిషాలు ఏమీ చేయను. ఊపిరి నెమ్మదించేదాకా ఊరికే కూర్చుంటాను. పరుగెత్తుకుంటూ వచ్చిన మనిషి వెంటనే మాట్లాడలేదు గదా. తరువాత పరిశుద్ధ గ్రంథంలోనుంచి కొంచెం చదువుతాను. కొంచెం అంటే కొంచెమే, అయిదారు వచనాలు. ఏడాదిలో గ్రంథమంతా పూర్తి చేయాలనే పట్టుదల మంచిదే, కాని అది వేరే వేళ పెట్టుకోండి. ఏకాంతంలో చదివేది పచ్చి మిరపకాయ కొరికినట్టు కొంచెమైనా నాలుకకు తగలాలి. కీర్తనల గ్రంథంతో మొదలుపెడితే సులువు. అందులో నూట యాభై కీర్తనలున్నాయి. సంతోషం, ఏడుపు, కోపం, భయం, ఫిర్యాదు, మనిషికి ఏ మాట వస్తుందో ఆ మాటంతా ఉంది. చదివిన దాంట్లో ఒక్క మాట పట్టుకుని, ఇది ఇవాళ నాతో ఏమంటోంది అని ఆలోచిస్తాను.

ఆ తరువాత కృతజ్ఞత. నిన్నటి రోజులో మూడు సంగతులు, పేరుపెట్టి. “అన్ని మేళ్లకూ వందనాలు” అని గంపగుత్తగా చెప్పడం సులువు. “నిన్న బస్సులో ఎవరో తెలియని పిల్ల లేచి నాకు చోటిచ్చింది ప్రభూ” అని చెప్పడంలో మనసు పని చేస్తుంది. ఆ తరువాత నిన్న చేసిన తప్పు ఒప్పుకోవడం. ఆ తరువాతే అడగవలసినవి అడగడం. చివరను మళ్లీ రెండు మూడు నిమిషాలు మాట లేకుండా ఉండడం. మొత్తం పావుగంట. కొందరికి ఒక చిన్న నోటుపుస్తకం ఉపయోగపడుతుంది. మధ్యలో “అయ్యో, ఉప్పు అయిపోయింది” అని గుర్తొస్తే దానిలో రాసి పక్కన పెట్టేయవచ్చు. లేకపోతే ఆ ఉప్పు ప్రార్థన అయ్యేదాకా చెవిలో పోరు పెడుతూనే ఉంటుంది.

నోట మాట రాని రోజున పెద్దలు రాసిన కీర్తన ఏదైనా మెల్లగా మనసులోనే చెప్పుకోవచ్చు. పురుషోత్తమ చౌధరి (1803–1890) గారి వంటివారి పాటలు మన తెలుగు సంఘాలకు ఉన్న ఆస్తి. గుంపులో పాడినప్పుడు రాగం వెంట వెళ్లిపోయే అర్థం, ఒంటరిగా అనుకున్నప్పుడు నిలబడి కనిపిస్తుంది.

ఇక చిక్కులు. మొదటి చిక్కు నిద్ర. కళ్లు మూస్తే చాలు కునుకు వస్తుంది. దానికి చాలామంది దేవుని సన్నిధిలో నిద్రపోయానని బాధపడతారు. రాజుల మొదటి గ్రంథంలో ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. భయంతో, అలసటతో అరణ్యంలోకి పోయి, ఇక చాలు, ప్రాణం తీసుకో అని ప్రార్థించి, ఒక చెట్టుకింద పడి నిద్రపోయాడు. దేవుడు ముందు ఆయనకు ఉపదేశం చేయలేదు. దూత వచ్చి తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. కొండమీద గాలి, భూకంపం, అగ్ని, ఆ తరువాత వినిపించిన మెల్లని స్వరం, అవన్నీ ఆ తిండీ నిద్రా అయిన తరువాతి మాట. కనుక ఒళ్లు పూర్తిగా అలసిపోయి ఉన్న తల్లికి ముందు కావలసింది నిద్రే. అది భక్తి తక్కువకావడం కాదు. ఆమెకు ఆ నిద్ర దొరికేలా చూడడం ఇంట్లో మిగిలినవాళ్ల భక్తి.

రెండో చిక్కు ఏమిటంటే, ఎన్ని రోజులు కూర్చున్నా ఏమీ అనిపించదు. ఎండిపోయినట్టు ఉంటుంది. అడిగింది దొరకదు. సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా ఉంది గదా. పిల్లలు లేరని సవతి దెప్పుతుంది. షిలోహులో ప్రార్థిస్తూ ఏడ్చింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రాలేదు. పెద్దయాజకుడైన ఏలీ చూసి, తాగి ఉన్నదేమోనని కోప్పడ్డాడు. నిశ్శబ్ద ప్రార్థనను యాజకుడే తప్పుగా అర్థం చేసుకున్నాడు చూడండి! ఆమె తన బాధ చెప్పుకుంది, ఆయన దీవించి పంపాడు. అప్పుడామె వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం పోయింది అని రాసి ఉంది. అప్పటికింకా బిడ్డ పుట్టలేదు, పుడతాడన్న గుర్తు కూడా కనబడలేదు. అయినా అన్నం తినగలిగింది. మోయలేని బరువును దించవలసినచోట దించి వచ్చిన మనిషి ముఖం అలా ఉంటుంది. అడిగింది దొరకడం వేరు, అన్నం సయించడం వేరు. రెండోది కూడా జవాబే.

మూడో చిక్కే అసలైనది. నేను మొదట్లో చెప్పిన భయం అదే. నిశ్శబ్దంగా కూర్చుంటే, మనం చూడకూడదని దాచి పెట్టుకున్నది పైకి వస్తుంది.

నా సంగతే చెబుతాను. మా అత్తగారు మంచాన పడ్డ రోజుల్లో, ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తక్కువ చేశారు అనే దగ్గర నాకూ మా తోడికోడలికీ మాట వచ్చింది. ఆమె ఒక మాట అన్నది. నేను రెండన్నాను. అత్తగారు పోయారు, మాట మాత్రం మిగిలిపోయింది. రెండేళ్లు ఒకే గుడికి వెళ్లాం, ఆడవాళ్ల వైపు ఆమె ఆ చివర, నేను ఈ చివర. ఆ రెండేళ్లూ నేను రోజూ ప్రార్థన మానలేదు. నా జాబితాలో బంధువులు, ఇరుగు పొరుగు, దేశం, రోగులు అందరూ ఉన్నారు. ఆమె పేరు మాత్రం లేదు.

ఒక ఉదయం అలా చివరి నిశ్శబ్దంలో కూర్చుంటే ఆమె ముఖం కనబడింది. మనసు చెదిరింది అనుకుని పక్కకు నెట్టాను. మరునాడు మళ్లీ వచ్చింది. ఆ మరునాడు కూడా. నాలుగో రోజున నాకు అర్థమైంది, ఇది ప్రార్థనకు అడ్డు వస్తున్నది కాదు, ఇదే ఇవాళ్టి ప్రార్థన అని. మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు గదా, బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని నిలబడ్డప్పుడు ఎవరికైనా నీమీద మనస్తాపం ఉన్నదని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని. గుర్తొస్తే అన్నాడు! గుర్తు రావాలంటే కాసేపు ఊరుకోవాలి. మాటలు ఆగకుండా దొర్లించుకుంటూ పోతే గుర్తెలా వస్తుంది? నేను రెండేళ్లు అన్ని మాటలు మాట్లాడింది అందుకేనేమో.

ఆ ఆదివారం సాయంత్రం నిమ్మకాయ ఊరగాయ సీసా ఒకటి పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. తలుపు తీసి నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. “రండక్కయ్యా” అన్నది. మేం ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవలేదు. పాత లెక్కలు ఏవీ తేలలేదు. “ఆరోజు నేను అన్నది తప్పు” అని మాత్రం నేను చెప్పాను. ఆమె టీ పెట్టింది. ఆనాటినుంచి గుడిలో ఒక్కచోటే కూర్చుంటున్నాం అని కూడా అనను. కాని నా జాబితాలో ఆమె పేరు ఉంది. ఆమె కూతురి కాన్పుకు ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నది నేనే.

అందుకని ఏకాంత ప్రార్థన అంటే సంసారంనుంచి తప్పించుకోవడం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిజంగా నిశ్శబ్దంగా కూర్చుంటే అది మనల్ని లేపి, ఎవరి గుమ్మం తొక్కకూడదనుకున్నామో ఆ గుమ్మానికే పంపుతుంది. పండిత రమాబాయి (1858–1922) జీవితం దీనికి పెద్ద సాక్ష్యం. సంస్కృత పండితురాలు. కరవులో తల్లిదండ్రులను పోగొట్టుకుంది, 1883లో ఇంగ్లండులో క్రైస్తవ మతం తీసుకుంది. పుణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి ఆశ్రమం పెట్టి దిక్కులేని వితంతువులను, కరవులో వీధిన పడ్డ ఆడపిల్లలను చేరదీసింది. బైబిలు మొత్తాన్ని మరాఠీలోకి తర్జుమా చేసింది. ఆ ఆశ్రమానికి ప్రార్థన ఊపిరిలాంటిదని ఆవిడ జీవితం చదివినవారందరికీ తెలుసు. అక్కడ ప్రార్థన, గంజి కాయడం రెండు పనులు కావు.

చివరిగా మార్త, మరియల మాట. లూకా సువార్తలో మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది, మార్త పనుల తొందరలో ఉంది. ఈ కథ చెప్పి, వంటింట్లో చెమటలు కక్కుతున్న ఆడవాళ్లను “మార్తల్లారా” అని వెక్కిరించడం కొందరికి అలవాటు. కాని యోహాను సువార్త పదకొండవ అధ్యాయం తీయండి. సోదరుడు లాజరు చనిపోయినప్పుడు ప్రభువుకు ఎదురు వెళ్లింది మార్తే. నీవు క్రీస్తువని నమ్ముతున్నానని నోరారా చెప్పిందీ మార్తే. ఆమె చేసిన వంటను ప్రభువు తప్పుపట్టలేదు, అనేక పనులను గురించిన కలవరాన్ని వద్దన్నాడు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఏళ్ల తరబడి వంటింట్లో పనిచేశాడు. స్వభావంచేత ఆయనకు ఆ పని ఇష్టం లేదు. అయినా గిన్నెల మధ్యనే దేవుని సన్నిధిని అనుభవించడం అభ్యాసం చేశాడు. పావుగంట ఏకాంతం అలవాటైతే, మిగిలిన ఇరవైమూడు గంటల ముప్పావులోకి దాని వాసన మెల్లగా పాకుతుంది. పోపు వేసేటప్పుడూ పక్క బట్టలు మడతపెట్టేటప్పుడూ ఒక మాట లోపల మెదులుతూ ఉంటుంది.

రేపటినుంచే మొదలుపెట్టి చూడండి. పావుగంట కుదరకపోతే అయిదు నిమిషాలు. ఒక రోజు తప్పితే మానేయకండి, మరునాడు మళ్లీ కూర్చోండి. దేవుడు హాజరు పట్టీ పట్టుకుని కూర్చోలేదు. ఇంట్లో మగవారు వింటుంటే వారికి ఒక మనవి. ఆ పావుగంట పాల గిన్నె మీరు చూడండి. మీ ఇంటి ఆవిడ ముసుగు తీసి లేచి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో గమనించండి. తరువాత మీరు కూడా ఒక పావుగంట అడుగుతారు.